పది గంటల ఎండ

కిందికి దిగిన 41వ ఏడు, 112వ రోజు

పొదుగుపెట్టె వేడి ముప్పై ఏడు డిగ్రీలు. పూసలు తొంభై ఆరు, నాలుగు అరల్లో. మేత మార్చింది లింగేశ్వరి. కాన్పయ్యేదాకా ఆమె చేత్తో మార్చడం ఇదే ఆఖరు.

దినచర్య పుస్తకంలో ఇంతవరకే రాయాలని సభవారి నియమం. మిగతాది నాకోసం రాసుకుంటున్నాను. వాళ్ళు చదివితే చదువుకోనీ. పైన ఎండలకు తాళలేక గనుల్లోకి దిగిన ఈ పాతాళపల్లె మొత్తానికి కళ్ళ డాక్టర్‌ని నేనొక్కదాన్నే, అరవై ఏడేళ్ళ ముసలిదాన్ని. నన్ను తీసేసి ఎవర్ని పెట్టుకుంటారు?

లింగేశ్వరి నా తమ్ముడి కూతురు. తమ్ముడు పోయాక నా దగ్గరే పెరిగింది, నా దగ్గరే పని నేర్చుకుంది. ఈ రోజుతో ఆరో నెల పడింది కాబట్టి చల్లింటికి పంపించాం. మా ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళు ఆరో నెల నుంచి కాన్పు దాకా అక్కడే ఉండాలి. పైన బండ కాలుతుంటే కింద గనుల్లో కూడా ఉక్క తప్పదు. చల్లగా ఉండే చోటు ఊరికంతా అదొక్కటే. పొద్దున వీధి ఆడవాళ్ళంతా చేరి గాజులు తొడిగారు, ఒళ్ళో నానబెట్టిన పెసలు పోశారు, గుమ్మం దగ్గర తలమీద నల్లగుడ్డ కప్పారు. లోపల దీపాలుండవు. బిడ్డ చీకట్లో చల్లగా పడుకోవాలట.

గాజులూ నల్లగుడ్డా ఎవరు మొదలుపెట్టారో గాని, అసలు నియమం రాసింది నేను. దిగిన మూడో ఏటి వేసవిలో ఏడుగురు చూలాళ్ళు ఉక్కకు తట్టుకోలేక నా కళ్ళముందే పోయారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది. ఆ రోజే కూర్చుని రాశాను: అన్నిటికంటే లోతైన గనిలో చల్లిల్లు కట్టాలి, అక్కడ దీపాలు వెలిగించకూడదు. అప్పటి దీపాలు పొయ్యిల్లా కాలేవి మరి. ఆ తర్వాత ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క తల్లి కూడా ఉక్కకు పోలేదు. నా బతుకులో నేను చేసిన మంచిపని ఏదంటే అదొక్కటే చెప్పుకుంటాను.

గుమ్మం దగ్గర లింగి నా చెయ్యి వదల్లేదు.

"మేనమామను చేసుకున్నా గదత్తా. నా బిడ్డకు గూడ పొగచూపు వస్తాదా?"

"నోరు మూసుకో. మీ జేజి గూడ మేనమామనే చేసుకునింది. ఎనభై ఏండ్లకు సూదిలో దారం ఎక్కించేది."

నవ్వింది గాని, నమ్మలేదు. నాకూ నమ్మకం లేదు.

119వ రోజు

వేడి సరిగానే ఉంది. మేత నేనే మార్చాను. గంట పట్టే పనికి మూడు గంటలు పట్టింది.

పూసలంటే మేం పెంచే రెటీనాలు. పిల్లల చెంప లోపలి నుంచి కాసిని కణాలు గీకి, వాటిని బుజ్జగించి పుట్టుకకు ముందటి స్థితికి తెచ్చి, మేత పోసి పొదిగితే ముప్పై వారాల్లో జీలకర్ర గింజంత పూస తయారవుతుంది. కంటి వెనక రెటీనా ఎలా పొరలు పొరలుగా కట్టుకుంటుందో అందులోనూ అలాగే కట్టుకుంటుంది. కడుపులో బిడ్డ కన్ను ఎలా ఏర్పడుతుందో చూడటానికి నాకున్న దారి ఇదొక్కటే.

ఎందుకు చూడాలంటే, తొమ్మిదేళ్ళుగా మా ఊళ్ళో పిల్లలు పొగచూపుతో పుడుతున్నారు. కన్ను తయారయ్యేటప్పుడు లోపల కొన్ని రక్తనాళాలు తాత్కాలికంగా అల్లుకుంటాయి. పని అయిపోగానే, పుట్టేలోగా, ఎండి పోవాలి. వీళ్ళకు పోవడం లేదు. కంటినిండా బూజులా నిలిచిపోయి వెనకున్న రెటీనాను లాగి పాడుచేస్తున్నాయి. మొదటి ఏడు ఒక్కరే. పోయినేడు నలుగురు. మొత్తం పద్నాలుగు మంది. కొద్ది కుటుంబాలే దిగాం, వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకున్నాం, అందుకే ఇదంతా అని ఊరు తీర్మానించింది. నేనూ అదే అన్నాను. విత్తనంలో లోపం ఎక్కడుందో పట్టుకుందామనే ఈ పూసలు.

ఒక్కో అరకు ఒక చిన్న దీపం, రోజుకు రెండు గంటలు వెలగాలి. పైన చదువుకునేటప్పుడు మా మేడం నేర్పిన పద్ధతి. ఎందుకని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కింది అరలో దీపం పోయిందని లింగి వెళ్ళేముందు మూడుసార్లు చెప్పింది. చూద్దాంలే అన్నాను. ఆ అర ముందు వంగాలంటే నా మోకాళ్ళు ఒప్పుకోవు.

సాయంత్రం హుసేనప్ప జొన్నరొట్టె తెచ్చాడు. ఊరి దీపాలన్నీ చూసేది అతనే. నాకంటే ఏడాదే చిన్న, అయినా అక్కా అంటాడు, తను కుర్రవాడినని అందరూ అనుకోవాలని. ఇద్దరం పైన బేతంచెర్లలో ఒకే వీధివాళ్ళం.

"అక్కా, మన స్టేషన్‌లో బండి ఆగితే మొదట ఏం వాసన వచ్చేది?" అన్నాడు.

"తడిసిన నాపరాయి."

"కాదు. బొరుగుల ఉగ్గాని."

అరగంట పోట్లాడుకున్నాం. ఈ ఊళ్ళో ఆ రెండు వాసనలూ తెలిసినవాళ్ళు ఇంకో పాతికమంది ఉంటారేమో. మేం పోట్లాడుకోకపోతే ఇంకెవరు పోట్లాడుకుంటారు?

131వ రోజు

జుబేదా పూసలకు ముప్పై వారాలు నిండాయి. పై మూడు అరల్లోవి కోసి చూశాను.

జుబేదా పొగచూపుతో పుట్టిన మొదటి పిల్ల. తొమ్మిదేళ్ళు. చల్లింటిని చూసుకునే మహబూబ్బీకి మనవరాలు. ఆ పిల్ల కణాల నుంచి పెంచిన పూసల్లో లోపం కనిపించాలి. కనిపించలేదు. పొరలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కణాల లెక్క సరిపోయింది. రక్తనాళాలను రమ్మని పిలిచే రసం ఎంత ఉండాలో అంతే ఉంది. ఇంత చక్కటి రెటీనాలు నేను పైన చదువుకునే రోజుల్లో కూడా చూడలేదు.

మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి నా కళ్ళమీదే అనుమానమొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను.

విత్తనం మంచిదే. అంటే మేనరికాల తప్పు కాదు. మరి దేని తప్పు? తినేదా, తాగేదా, గాలా? ఈ పద్నాలుగు కుటుంబాలూ అందరూ తినేదే తిన్నాయి.

138వ రోజు

లింగిని చూడ్డానికి చల్లింటికి వెళ్ళాను. మహబూబ్బీ నన్ను చూసి లేచి నిలబడింది. ఎప్పుడూ అంతే, నియమం రాసినదాన్నని ఆమెకు నా మీద గౌరవం. ఆ ఏడుగురిలో ఒకతె ఆమె పెద్దకూతురు.

"మీ పిల్లకు అన్నిటికంటే లోపలి గది ఇచ్చినా డాక్టరమ్మా. అంత చల్లంగ ఇంకో గది లేదు."

నిజంగానే చల్లగా ఉంది. ఎంత చీకటంటే లింగి నవ్విందో ఏడ్చిందో గొంతును బట్టే తెలుసుకోవాలి. తడుముకుంటూ పక్కన కూర్చున్నాను. చెయ్యి తీసి పొట్టమీద పెట్టుకుంది. లోపల ఒకటే తన్నులు.

"అత్తా, పొద్దు పోతలేదు. ఎండ గురించి చెప్పు. ఎట్ల ఉంటాది?"

ఎలా చెప్పాలి? దీపంలాంటిది కాదు, దీపం ఒక్కచోట ఉంటుంది, ఎండ అంతటా ఉండేది అన్నాను. మా అమ్మ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ పనికి పోయేది. వీళ్ళ నాన్న, అంటే నా తమ్ముడు, కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా పోయింది. పది గంటలకు యంత్రాలు ఆపేవాళ్ళు. అమ్మ షెడ్డు బయటికొచ్చి, పేర్చిన రాళ్ళమీద కూర్చుని సద్ది విప్పేది. పన్నెండు దాకా పనుండేది కాదు, కరెంటు కోత. నేను ఆమె ఒళ్ళో తలపెట్టుకుని పడుకునేదాన్ని. కళ్ళు మూసుకున్నా చీకటి ఉండేది కాదు, రెప్పల లోపల అంతా ఎర్రగా ఉండేది. అమ్మ కొంగు మొహమ్మీద కప్పినా ఆ ఎరుపు పోయేది కాదు. సున్నపురాయి దుమ్ము వాసన, పచ్చిమిరపకాయ కొరికిన అమ్మ నోటి వాసన. ఎనిమిదేళ్ళుంటాయేమో నాకు.

చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. చీకటి కాబట్టి సరిపోయింది.

"నాయన కండ్లు బాగుండేవి గదా," అంది లింగి.

"వానివి డేగ కండ్లు," అన్నాను.

146వ రోజు

ఏం రాయాలో తెలియడం లేదు. ముందు జరిగింది రాస్తాను.

కింది అరలో పూసలు చూడకుండా వదిలేశానని పొద్దున గుర్తొచ్చింది. అవీ జుబేదావే, అదే రోజు మొదలుపెట్టినవే. హుసేనప్పను పిలిచి అర మొత్తం బల్లమీదికి ఎత్తించాను. దీపం ఎప్పుడు పోయిందో అతను తీగలు చూసి చెప్పాడు, ఇరవై వారాలపైనే అయిందట. అంటే ఆ పూసలు సగంపైన కాలం చీకట్లోనే పెరిగాయి.

కోసి చూస్తే కణాలు కిక్కిరిసి ఉన్నాయి, ఉండాల్సినదానికి రెండింతలు. అన్ని కణాలకూ ఊపిరాడక, రక్తనాళాలను రమ్మని పిలిచే రసం పొంగిపొర్లుతోంది. ఇదే బిడ్డ కంటిలో జరిగితే ఆ నాళాలు ఎందుకు పోతాయి? పోవు. పిలుస్తూనే ఉంటే ఎలా పోతాయి?

అదే పిల్ల, అదే విత్తనం, అదే మేత. తేడా దీపం ఒక్కటే. రెటీనాలో చూపు రాకముందే వెలుగు సంగతి తెలిసే కణాలు కొన్ని ఉంటాయి. వాటికి బొమ్మ కనిపించదు, వెలుగుందని మాత్రం తెలుస్తుంది. వెలుగు తగిలితే చాలు, ఇక ఎక్కువ కణాలు వద్దని మిగతావాటికి కబురు పెడతాయి. వెలుగు లేకపోతే ఆ కబురు పోదు. కడుపులో చీకటే కదా అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. కళ్ళు మూసుకుంటే ఎర్రగా కనిపించేదని మొన్ననే నా నోటితో నేనే చెప్పి వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. చల్లిల్లు మొదట్నుంచీ ఇంత చీకటిగా లేదు. దీపాలు లేకపోయినా పైనుంచి ఎండబావి ఉండేది. పాత గని గొట్టం, రోజుకు రెండుమూడు గంటలు దాంట్లోంచి ఎండ దిగేది. చూలాళ్ళంతా ఆ వెలుగులో చాపలేసుకుని కూర్చుని కబుర్లాడేవాళ్ళు. పదేళ్ళ కిందట, దుమ్ము వస్తోంది, చల్లదనం పోతోందని రాళ్ళతో పూడ్చి మూసేశారు. వైద్యుల తరఫున సంతకం కావాలన్నారు. పెట్టాను. కాగితం పూర్తిగా చదివానో లేదో కూడా గుర్తులేదు. మరుసటేడు జుబేదా పుట్టింది.

దీపాలు వద్దన్నది నేను. ఎండ వద్దన్నదీ నేనే.

147వ రోజు

నిన్న రాసింది చదివాను. చించేద్దామనుకున్నాను. చించలేదు.

వేడి ముప్పై ఏడు.

149వ రోజు

మహబూబ్బీ దగ్గరకు వెళ్ళాను. చల్లింట్లో ఎవరు ఏ గదిలో ఉన్నారో ఆమెకు నోటికి వచ్చు, పదేళ్ళవైనా సరే. పద్నాలుగు మంది తల్లుల పేర్లు ఒక్కొక్కటే చెప్పాను. ఆమె గది చెప్తూ పోయింది. లోపలి గది. లోపలి గది. కొత్తగా తవ్విన లోపలి గది. పద్నాలుగుకు పద్నాలుగు. వీధి దీపం సందుల్లోంచి కాస్త పడే ముందు గదుల్లో ఉన్నవాళ్ళలో ఒక్కరి బిడ్డకూ పొగచూపు లేదు.

"లోపలి గదులు అందరికీ ఇయ్యను," అంది. "నీరసంగ ఉండేటోళ్ళకు, మనకు కావాల్సినోళ్ళకు ఇస్తా."

అప్పుడు చెప్పాను. పూసల సంగతి, చీకటి సంగతి. లింగిని బయటికి తీసుకుపోతానని, వెలుగు చూపిస్తానని. నా లెక్కలో చీకటి దెబ్బ తగిలేది ఏడో నెల, ఎనిమిదో నెల. లింగికి ఏడు పడింది.

ఆమె మొహం బిగుసుకుపోయింది.

"నా బిడ్డ ఉక్కకు పోయింది డాక్టరమ్మా. నా చేతుల్లో పోయింది. తరవాత నీ నియమం వచ్చింది, ఒక్క తల్లి పోలేదు. ఇప్పుడు నువ్వే తప్పంటే ఎట్ల నమ్మేది?"

"చల్లదనం తప్పు గాదు. చీకటి తప్పు."

"నేను ఒప్పుకోను. సభకు పోయి చెప్పుకో."

నాకు కోపం వచ్చింది. మొండిదానివన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. అనకుండా ఉండాల్సింది.

151వ రోజు

సభ. యాభై మందిదాకా వచ్చారు. పొగచూపు పిల్లల తల్లులు కూడా వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. వాళ్ళను చూడకుండా మాట్లాడదామనుకున్నాను, కుదరలేదు.

కడుపులోకి వెలుగు ఎలా పోతుందమ్మా, చర్మం ఉంది, కండ ఉంది, నీళ్ళున్నాయి అని సభాపతి అడిగాడు. హుసేనప్ప చేతిదీపం వెలిగించి, హాల్లో మిగతా దీపాలు ఆర్పాడు. ఆ దీపాన్ని నా అరచేతితో మూశాను. చెయ్యి నిప్పులా ఎర్రగా వెలిగింది, వేళ్ళ మధ్య సందులు, లోపలి ఎముకల నీడలు. ఇంత ముసలి చేతిలోంచే వెలుగు పోతుంటే, సాగిన పొట్ట చర్మంలోంచి కొంచెమైనా పోదా అన్నాను.

తర్వాత, చెప్పాల్సింది చెప్పాను. నియమం నాది, ఎండబావి మూసిన సంతకం నాది. మీ పెళ్ళిళ్ళ తప్పు కాదు, మీ రక్తం తప్పు కాదు. తొమ్మిదేళ్ళు ఆ మాట నమ్మినందుకు, నమ్మించినందుకు మీ కాళ్ళకు మొక్కాలి.

వెనక వరసలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవసాగింది. మొగుడూ పెళ్ళాలు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చాలా రోజుల తర్వాత చూసుకున్నట్టుంది. ఒకావిడ లేచొచ్చి నా ముందు నిలబడి ఏదో అనబోయి, అనలేక వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సభ తీర్పు: పూసలు వేరు, పిల్లలు వేరు. రుజువు లేకుండా నియమం మార్చేది లేదు. కావాలంటే ఒక్కరికి, మీ ఇంటి పిల్లకే, ఆమె ఒప్పుకుంటేనే, చల్లింటి గడప దాటకుండా చేసుకోండి. బిడ్డ కన్ను బాగుంటే అప్పుడు మాట్లాడదాం.

152వ రోజు

లింగి అంతా విన్నది.

"నీకు నిజంగ తెల్సా అత్తా, లేకపోతే అనుకుంటుండావా?"

"చీకటి చెడ్డదని తెల్సు. వెలుగు ఎంత కావాల్నో తెలీదు. తక్కువైతే లాభం లేదు, ఎక్కువైతే బిడ్డకు ఏమైతాదో నాకు తెలీదు."

"పైన పుస్తకాల్లో లేదా?"

"పైన ఎవరూ చూలాలిని నాలుగు నెలలు చీకట్లో పెట్టలేదే తల్లీ."

ఆమె మొగుడు మద్దిలేటి గడప బయట కూర్చుని వింటున్నాడు. నీ ఇష్టమే లింగీ అన్నాడు. మంచివాడు.

"మీ అమ్మ ఎంతసేపు కూర్చునేది ఎండలో?" అంది లింగి.

"పదింటి నుంచి పన్నెండింటి దాకా."

"నాయనకు ఏమీ కాలేదు గదా. నేనూ అంతే కూర్చుంటా."

ముప్పై ఎనిమిదేళ్ళు సూక్ష్మదర్శినిలో చూసినదాన్ని, చివరికి మోతాదు చెప్పింది ఎప్పుడో పోయిన మా అమ్మ.

155వ రోజు

దీపం తయారైంది. అది తయారైన తీరు రాయాలి.

హుసేనప్ప ఊరి దీపాల్లోంచి రకరకాల బల్బులు పీకి ఒక చట్రానికి బిగించాడు. ఇప్పటివి వేడి ఇవ్వవు, అంతవరకు భయం లేదు. వెలుగు ఎలా ఉండాలన్నదే తగువు. పది గంటల ఎండ ఎలా ఉండేదో కొలిచి రాసిపెట్టినవాళ్ళు ఇక్కడ లేరు. మా ఇద్దరి తలల్లో ఉన్నదే కొలత. నాపరాయి పలక ఒకటి గోడకు ఆనించి, దానిమీద వెలుగు వేసి చూశాం.

"ఇది సాయంత్రం," అన్నాను. "గేదెలు ఇండ్లకొచ్చే పొద్దు."

ఒక బల్బు తీసి ఇంకోటి పెట్టాడు.

"ఇది?"

"ఇది మబ్బు పట్టిన రోజు."

"అక్కా, నీకు చిన్నప్పట్నుంచీ వంకలే."

"నీకు చిన్నప్పట్నుంచీ తొందరే."

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమయింది. ఒకచోట అతను పసుపు కొంచెం తగ్గించి, తెలుపు పెంచి, ఎందుకో చెయ్యి ఆపేశాడు. పలక మెరిసింది. రాయిమీద ఆ తెలుపు, అంచుల్లో ఆ సన్నటి పసుపు. అమ్మ సద్దిగిన్నె మూత తీసే వేళ.

హుసేనప్ప కింద కూలబడ్డాడు. "మా నాయన సైకిల్ మీద స్కూలుకు దింపే టైం అక్కా ఇది," అన్నాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్ళ కిందట పైన వదిలేసి వచ్చిన పొద్దు గోడమీద ఉంది. దీపం ఆర్పాలని ఇద్దరికీ అనిపించలేదు.

160వ రోజు

అయిదు రోజులుగా లింగి పది నుంచి పన్నెండు దాకా దీపం ముందు చాపమీద కూర్చుంటోంది, చీర పొట్టమీద నుంచి పక్కకు జరిపి. మొదటిరోజు కళ్ళు తెరవలేకపోయింది. చీకటికి అలవాటైన కళ్ళు కదా, నీళ్ళు కారాయి. ఇప్పుడు ఎదురుచూస్తోంది. వెలుగు పడగానే బిడ్డ కదులుతోందట. అది ఆమె భ్రమ కావచ్చు. నేను రాసుకున్నాను.

మిగతా గదుల ఆడవాళ్ళు తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. మహబూబ్బీ వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని వెళ్తోంది. గదిలో వేడి మాత్రం గంటకొకసారి తనే కొలుస్తోంది. ఒక్క డిగ్రీ పెరిగితే ఆపించేసేదే. పెరగలేదు.

198వ రోజు

రాయడానికి ఏమీ లేదు, భయం తప్ప. తప్పు చేస్తున్నానేమోనని రోజుకు పదిసార్లు అనిపిస్తోంది. మొదటి తప్పప్పుడు ఒక్కసారి కూడా అనిపించలేదు. అప్పుడు చిన్నదాన్ని, అన్నీ తెలుసనుకున్నాను.

229వ రోజు

ఆడపిల్ల. మూడు కిలోలకు కొంచెం తక్కువ. మహబూబ్బీయే పురుడు పోసింది. ఇద్దరూ క్షేమం.

కళ్ళు ఇంకా చూడలేదు. రెండు రోజులు ఆగాలి. రెప్పల వాపు తగ్గాలి.

231వ రోజు

పొద్దున మందు చుక్కలు వేసి, కనుపాపలు పెద్దవయ్యాక మద్దిలేటి బిడ్డను పట్టుకున్నాడు. గదిలో లింగి, హుసేనప్ప, మహబూబ్బీ ఉన్నారు. కుడికంట్లోకి కాంతి వేశాను.

కంటి లోపలి నుంచి వెలుగు తిరిగి వచ్చింది. నిండు ఎరుపు, అంచు నుంచి అంచు దాకా. ఒక్క పోగు లేదు, ఒక్క మరక లేదు. ఎడమకన్ను చూశాను. అదీ అంతే. మళ్ళీ కుడికన్ను చూశాను. బిడ్డ విసుక్కుని ఏడ్చింది.

"ఏందత్తా?" అంది లింగి. "చెప్పు, చెప్పు."

"ఏం లేదే," అన్నాను. "ఏం లేదు. శుభ్రంగ ఉంది."

లింగి ఒక్కసారిగా ఏడ్చింది, మద్దిలేటి బిడ్డను గుండెకు హత్తుకున్నాడు, హుసేనప్ప ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. మహబూబ్బీ గదిలోంచి వెళ్ళిపోవడం చూసి వెనకాలే వెళ్ళాను. ఆమె లోపలి గదుల తలుపులు ఒక్కొక్కటే తెరుస్తోంది. అయిదు గదులు తెరిచి, ఆరోదాని ముందు ఆగింది. కాన్పు దాకా లింగి ఉన్న గది అదే.

"జుబేదా తల్లిని ఈ గదిలోనే పెట్టినా డాక్టరమ్మా," అంది. "మంచి గదని. నా కోడలికని వేరే ఆమెను పంపించి మరీ ఇచ్చినా."

"చీకట్లో పెట్టమని రాసింది నేను."

"నువ్వు చెప్పిన రోజే నాకు అర్థమయింది. ఒప్పుకుంటే నా మనవరాలి కండ్లు నేనే తీసినట్లు గదా. అందుకే ఒప్పుకోలేదు."

ఆమె గడపమీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఒకరినొకరం ఓదార్చుకోలేదు. ఏమని ఓదార్చుకుంటాం? ఆ పిల్లకు మనమే చెప్పాలి, ఊరివాళ్ళ నోట వినకూడదు అంది. సరేనన్నాను.

జుబేదా ఇంట్లో గోడకు ఆనుకుని బట్టలు మడతపెడుతోంది, అంచులు వేళ్ళతో కొలుచుకుంటూ. అంతా చెప్పాం. దాచలేదు. మహబూబ్బీ గది సంగతి చెప్పింది, నేను సంతకం సంగతి చెప్పాను. పిల్ల బుద్ధిగా విన్నది. అర్థమయిందో లేదో అనుకున్నాను.

"ఇంక పుట్టే పిల్లోళ్ళకు బాగా కనిపిస్తాదా?" అని అడిగింది.

"కనిపిస్తాదమ్మా."

"మరి నాకు?"

232వ రోజు

సభ నియమం మార్చింది. ఇకమీదట చల్లింట్లో అన్ని గదులకూ రోజుకు రెండు గంటల దీపం. దస్తావేజులో పాత నియమం ఎవరు రాశారో, ఎందుకు తప్పయిందో నా పేరుతో సహా రాయమన్నాను. రాశారు.

జుబేదా దగ్గరకు మళ్ళీ వెళ్ళి, తన కళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. కంట్లో నాళాలు తీసేయడం నాకు చేతనవును. వెనక రెటీనా పాడైంది, దాని బదులు పూస నుంచి పెంచిన పొర అతికించాలి. విత్తనంలోనే లోపముందనుకుని ఇన్నాళ్ళూ ఎవరికీ ఆ పని చేయలేదు. విత్తనం మంచిదని ఇప్పుడు తెలిసింది. అయినా అది పట్టుకుంటుందో లేదో, తొమ్మిదేళ్ళ కన్ను చూడటం నేర్చుకుంటుందో లేదో తెలియదు. ముప్పై వారాలు పడుతుంది. అప్పటికి నాకు అరవై ఎనిమిది. నా చెయ్యి వణికితే ఆ పని చేసేందుకు లింగికి ఈ లోపల నేర్పాలి.

"అట్లే చేయి," అంది జుబేదా, నోరు తెరిచింది.

చెంప లోపలి నుంచి కణాలు తీశాను. పళ్ళాలు ఇరవై నాలుగు. మేత నేనే పోశాను. నాలుగు అరల్లోనూ దీపాలు వంగి చూశాను, అన్నీ వెలుగుతున్నాయి. వేడి ముప్పై ఏడు. జుబేదా పూసలకు మొదటి రోజు.